సాలూరు చిన గురువుగారి హార్మోనియం



ఇక్కడ అల్ తుమామాలో ఉన్న మన తెలుగువాళ్ళలో పిల్లలకు కీబోర్డో పియానోనో నేర్పిస్తున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. పిల్లలు మొదటి పాఠంలో వాయించే సి మేజర్ స్వరాలు మన శంకరాభరణం మెట్లేనని విని మురిసిపోతాం కూడా. చిక్కల్లా తరువాత వస్తుంది. ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మగారు "ఏదీ నాయనా, కాస్త తోడి వాయించు" అంటారు. మెట్లన్నీ సరిగ్గానే నొక్కుతాడు, అయినా తోడి రాదు. తోడిలో గాంధారం ఒక చోట కుదురుగా నిలబడే స్వరం కాదు, పక్క స్వరాలను తాకుతూ ఊగుతూ ఉంటుంది. ఆ ఊపే తోడికి ప్రాణం. నొక్కిన మెట్టేమో ఒక్క స్వరమే పలుకుతుంది, ఊగమంటే ఊగదు.

ఈ తగువు పాతదే. హార్మోనియం మన దేశంలో అడుగుపెట్టిన నాటి నుంచీ ఉంది. దానితో జీవితమంతా కుస్తీ పట్టిన ఒక సంగీతం మేష్టారి గురించి ఇవాళ చెప్పుకుందాం. ఆయన పేరు పట్రాయని సీతారామశాస్త్రి. 1900లో పుట్టి 1957లో పోయారు. ఈ పేరు విననివాళ్ళుండవచ్చు గాని, ఆయన చేతికింద తయారైన గొంతు వినని తెలుగు ఇల్లు మాత్రం లేదు. ఆ సంగతికి వస్తాను.

సాలూరు ఒకప్పుడు జమీందారీ ఊరు, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. శాస్త్రిగారి తండ్రి నరసింహశాస్త్రిగారు అక్కడ శిష్యులకు సంగీతం చెప్పేవారు. అందుకని జనం తండ్రిని పెద గురువుగారు అనీ, కొడుకుని చిన గురువుగారు అనీ పిలుచుకున్నారు. సినిమాల్లో సంగీతం చేసిన సాలూరి రాజేశ్వరరావుగారిదీ ఆ ప్రాంతమే గాని ఆయన వేరు, ఈ కుటుంబం వేరు. చాలామంది కలిపేస్తుంటారు కనుక చెబుతున్నాను.

ఇక హార్మోనియం సంగతి. ఇది పారిస్ లో 1840ల నాటి సరుకు. కాళ్ళతో తిత్తి తొక్కుతూ, రెండు చేతులతో వాయించే బల్ల వంటి వాద్యం. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ వంటివాళ్ళు దాన్ని చిన్నది చేసి, తిత్తి వెనక్కి పెట్టి, ఒక చేత్తో ఊదుతూ రెండో చేత్తో వాయించేలా మార్చారు. మనవాళ్ళు నేల మీద కూర్చుని పాడతారు కదా! పార్సీ నాటకాలు, ధార్వాడ నాటకాలు దీన్ని ఊరూరికీ తెచ్చాయి. మన పద్యనాటకాలకైతే అది లేకుండా తెర లేచేది కాదు. పద్యం చివర రాగం తీసే నటుడికి శ్రుతి ఇచ్చేదీ, ఊపిరి తిరిగేదాకా కాపాడేదీ హార్మోనిస్టే.

సంగీత విద్వాంసులకు మాత్రం అదంటే సరిపడలేదు. స్వరాలు తాళం వేసిన గదుల్లా ఉంటాయి, గమకం రాదు, దానితో సాధన చేస్తే గొంతు మొద్దుబారుతుంది అన్నారు. అందులో నిజం లేకపోలేదు. 1938లో ఢిల్లీ రేడియోలో పాశ్చాత్య సంగీత విభాగం చూస్తున్న జాన్ ఫౌల్డ్స్ అనే ఇంగ్లీషు సంగీతకారుడు దీని మీద ఘాటైన వ్యాసం రాశాడు. రవీంద్రనాథ్ ఠాగూరు కూడా వద్దన్నవాళ్ళలో ఉన్నారు. చివరికి 1940 మార్చి 1 నుంచి ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించింది. ముప్పై ఏళ్ళు దాటి, 1971లో గాని ఆ నిషేధం కొంతైనా సడలలేదు. విదేశం నుంచి వచ్చిన వాద్యాన్ని మన సంగీతానికి పనికిరాదని తేల్చినవాళ్ళలో ఒక విదేశీయుడు ఉండటం నాకెప్పుడూ వింతగానే ఉంటుంది. వయొలిను కూడా బయటిదే కదా! దాన్ని మనవాళ్ళు ఎంత సొంతం చేసుకున్నారో చూడండి. కాకపోతే వయొలిను తీగ మీద వేలు జారుతుంది, హార్మోనియం మెట్టు మీద జారదు.

చిన గురువుగారి ఘనత అక్కడే ఉంది. హార్మోనియం మీద గమకం పలికించిన విద్వాంసుడని ఆయనకు పేరు. కచేరీలో తానే హార్మోనియం వాయించుకుంటూ పాడేవారు. లేని స్వరాన్ని మెట్టు ఎలాగూ ఇవ్వదు. అందుకని వేలు పక్క మెట్టును తాకీ తాకనట్టు తాకి వెనక్కి రావాలి, ఏ మెట్టు మీదా కావలసినదానికన్నా క్షణం ఎక్కువ నిలవకూడదు. తిత్తి మీది చెయ్యి గాలిని అదే కొలతన పెంచుతూ తగ్గిస్తూ ఉండాలి. అప్పుడు చెవికి రెండు స్వరాలు విడివిడిగా కాక ఒక ఊపుగా అందుతాయి. చెబితే రెండు ముక్కలే గాని, చెయ్యాలంటే ఏళ్ళు పడుతుంది. పైగా ఆ రాగం ముందు గొంతులో ఉండాలి. గొంతులో లేని గమకాన్ని వేలు వెతికి పట్టుకోలేదు.

విజయనగరంలో మహారాజావారి సంగీత కళాశాల 1919లో మొదలైంది. మొదటి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసుగారు. 1936లో ఆయన తరువాత ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఆ పదవిలోకి వచ్చారు. ఆ రోజుల్లోనే శాస్త్రిగారు అక్కడ గాత్రం పండితులుగా చేరారు. ఒక పక్క ద్వారంవారి వయొలిను, మరో పక్క ఈయన పాట. అటువంటి బడి మళ్ళీ మనకు దొరకలేదని నేననుకుంటాను.

ఆ బడిని వెతుక్కుంటూ కృష్ణా జిల్లా నుంచి ఒక కుర్రవాడు వచ్చాడు. తండ్రి చనిపోయాడు, చేతిలో డబ్బు లేదు, ఉన్న ఉంగరం అమ్మి రైలెక్కాడు. తీరా వస్తే కళాశాలకు వేసవి సెలవులు! అతనే ఘంటసాల వెంకటేశ్వరరావు. అతన్ని ఆదరించి పైసా తీసుకోకుండా పాఠం చెప్పినవారు పట్రాయని సీతారామశాస్త్రిగారు. గురువుగారికీ కలిమి లేదు. కుర్రవాడు జోలె పట్టి మధూకరం చేసుకుని తిన్నాడు. వారాలు చేసుకుని, ముష్టెత్తుకుని చదువుకోవడం ఆ రోజుల్లో తప్పుగా ఎవరూ అనుకోలేదు గాని, ఆకలి ఆకలే కదండీ. గురువుగారి శిక్షణ మాత్రం కఠినంగా ఉండేదంటారు. తరువాత ఘంటసాల కళాశాలలో చేరి పట్టా పుచ్చుకున్నాడు. 1942 ఉద్యమంలో జైలుకి వెళ్ళాడు, మద్రాసు రేడియోలో పాడాడు, ఆపైన సినిమాల్లో ఏమయ్యాడో నేను చెప్పనక్కర్లేదు.

ఘంటసాల పాటలో ఒక గుణం గమనించండి. పద్యం పాడినా పాట పాడినా అక్షరం నలగదు, రాగం కోసం మాటను విరవడు. గమకం ఉంటుంది గాని కావలసినంతే, కావలసినచోటే ఉంటుంది. మెట్ల వాద్యం మీద ఒక్కొక్క గమకాన్నీ కష్టపడి సంపాదించుకున్న గురువు దగ్గర నేర్చుకున్న శిష్యుడికి ఆ పొదుపు అబ్బడంలో ఆశ్చర్యం లేదని నా ఊహ. రుజువు అడిగితే మాత్రం చూపించలేను.

చిన గురువుగారి పెద్దబ్బాయి సంగీతరావుగారు. 1920 నవంబరులో పుట్టారు, ఘంటసాలకన్నా రెండేళ్ళు పెద్ద. ఆయనా హార్మోనియం విద్వాంసుడే. ఘంటసాల ఆయన్ని మద్రాసు పిలిపించుకుని తన సంగీతంలో సహాయకుడిగా పెట్టుకున్నారు. గురువు పెట్టిన విద్యకు బదులు తీర్చుకోవడమే అనుకోండి, లేకపోతే ఆ చేతివేళ్ళ విలువ తెలిసి అనుకోండి, ఘంటసాల 1974లో పోయేదాకా ఆ జోడీ విడిపోలేదు. 1971లో ఘంటసాల యూరపు, అమెరికా వెళ్ళి పరాయి దేశాల్లోని తెలుగువాళ్ళ ముందు పాడినప్పుడు పక్కన హార్మోనియం సంగీతరావుగారిదే. రేడియోవారు హార్మోనియానికి తలుపు ఓరగా తీసింది ఆ ఏడే. ఘంటసాల చివరి పని భగవద్గీత రికార్డుకూ ఆయన చెయ్యి సాయం ఉంది.

ఆ తరువాత సంగీతరావుగారు వెంపటి చినసత్యం మేష్టారి కూచిపూడి నృత్యనాటకాలకు సంగీతం కూర్చారు. 'పద్మావతీ శ్రీనివాసం' వాటిలో ఒకటి. విదేశాల్లో మన ఆడపిల్లలు కూచిపూడి కట్టి ఆడే దరువుల్లో ఆయన వరస ఎక్కడో ఒకచోట తగులుతూనే ఉంటుంది, ఆయన పేరు మాత్రం కార్యక్రమ పత్రంలో తరచు ఉండదు. ఈసారి మీ అమ్మాయి ప్రదర్శన ఉన్నప్పుడు ఆ పేరు రాయించండి. పట్రాయని సంగీతరావు. ఆయన నూరేళ్ళు నిండి, 2021 జూన్ మొదట్లో, కరోనా రెండో విడత రోజుల్లో చెన్నైలో కన్నుమూశారు.