చెరకు రైలింజను: దాని చిన్న రూపానికి విలువ కట్టడం

హారిస్‌డేల్‌లోనూ, చుట్టుపక్కల పేటల్లోనూ స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలో కొన్ని ఫిజీ నుండి వచ్చినవి. మా తాతలు గిర్మిట్ మీద మద్రాసు రేవులో ఓడ ఎక్కినవారు. మద్రాసు నుండి ఫిజీకి ఆ ఓడలు 1903లో మొదలై 1916 దాకా నడిచాయి. వాళ్ళు నరికిన చెరకును మిల్లుకు చేర్చింది చిన్న ఆవిరి ఇంజను. గుళ్ళ గురించీ కవుల గురించీ వ్రాసే సావనీరులో ఇంజను సంగతి ఎందుకని ఎవరైనా అడిగితే మా జవాబు ఇదే: మా ఇళ్ళలో అక్షరాలకంటే ముందు వినిపించింది ఆ ఇంజను కూత.

లౌటోకా మిల్లు కూడా 1903లోనే తెరిచారు. మిల్లు కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీది. మా పెద్దలు సి.ఎస్.ఆర్. అనేవారు. పొలాల మధ్య కంపెనీ వేసిన పట్టాల వెడల్పు రెండే అడుగులు. మన పెర్త్ రైళ్ళవి మూడున్నర అడుగులు. శ్రీకాకుళం వైపు నుండి వెళ్ళిన కుటుంబాల వారికి ఇంకొక పోలిక చెప్పవచ్చు. నౌపడా నుండి పర్లాకిమిడికి 1900లో రాజావారు వేయించిన రైలు మార్గం రెండున్నర అడుగులది. సి.ఎస్.ఆర్. రైలులో ఒక విచిత్రముండేది. మనుషులను ఎక్కించుకునే బండికి టికెట్టు లేదు. చెరకు మోసిన చేతులకు అదొక్కటే ఉచితంగా దొరికిందని మా ఇళ్ళలో వేళాకోళంగా అనుకునేవారు. 1920 జనవరి 1న గిర్మిట్ రద్దయింది. 1973లో కంపెనీ వెళ్ళిపోయింది. ఇంగ్లండులో లీడ్స్ నగరపు హడ్స్‌వెల్ క్లార్క్ వారు 1912లో ఫిజీ కోసం చేసిన ఇంజను ఒకటి, ‘ఫిజీ’ అనే పేరుతోనే, ఆ దేశంలోని స్టాట్‌ఫోల్డ్‌లో భద్రంగా ఉంది.

ఇక చిన్న ఇంజన్ల మాట. ‘మోడల్ ఇంజనీర్’ పత్రిక లండనులో 1898లో మొదలైంది. మరుసటి ఏడు బాసెట్-లోక్ సంస్థ పుట్టింది. అంత చిన్న బాయిలరులో బొగ్గు మండించి, ఆ ఆవిరితో మనుషులను లాగించవచ్చునా అని 1920లలో ఆ పత్రికలో పెద్ద వాదమే నడిచింది. ఎల్.బి.ఎస్.సి. అనే కలంపేరుతో వ్రాసిన లారెన్స్ లాగించవచ్చునని చేసి చూపించాడు. ఆయన గీసిన నమూనాలు చూసి ఎందరో సామాన్యులు ఇంటి వెనుక షెడ్డులో లేతు పెట్టుకొని ఇంజన్లు చేశారు. మనకు దగ్గరలో, కానింగ్ నది ఒడ్డున, కాసిల్‌డేర్‌లో 1963 నుండి అలాంటి చిన్న రైలు ఉంది. పిల్లలను తీసుకొనివెళ్ళి చూపించవలసిన చోటు.

అలాంటి ఇంజను ఒకటి మా వారిలో ఒక కుటుంబానికి వారసత్వంగా వచ్చింది. ఫిజీలో మిల్లు వర్కుషాపులో ఫిట్టరుగా పనిచేసిన పెద్దాయన చెరకు ఇంజనును చూసి, ఐదంగుళాల పట్టా మీద నడిచేటట్లు చేసినది. ఆయన పోయాక దానిని కొనవచ్చిన ఒకరు పాత లోహం ధర చెప్పారు. బంధువులలో ఒకరు కారు ఖరీదు చేస్తుందన్నారు. అమ్మాలా, ఉంచాలా అని అన్నదమ్ముల మధ్య మాటలు పెరిగాయి. తెలిసినవారిని వెంటబెట్టుకొని మేము వెళ్ళి చూశాము.

మొదట కొలత చూడాలి. రెండడుగుల పట్టా ఇంజనును ఐదంగుళాలకు కుదిస్తే అసలులో ఐదో వంతుకు కొంచెం ఎక్కువే వస్తుంది. మన పెర్త్ ఇంజనును అదే పట్టాకు కుదిస్తే ఎనిమిదో వంతుకు కూడా తక్కువ. ఒకే పట్టా మీద నిలబడినా రెండూ ఒకే లెక్కవి కావన్నమాట. చెరకు ఇంజను బొద్దుగా, బరువుగా కనబడుతుంది. అది తప్పు కాదు. అయితే చక్రాలు, పొగగొట్టం, క్యాబు అన్నీ ఆ ఒక్క లెక్కకే కుదరాలి. పెద్దాయన ఎక్కడా లెక్క తప్పలేదు.

తరువాత నడక. చూడవచ్చినవారు రంగు చూసి మురుస్తారు గాని, రంగు కింద ఏమైనా దాగవచ్చు. బొగ్గు వేయకుండా గాలి పంపుతో కొద్దిపాటి ఒత్తిడి ఇచ్చి చూడాలి. కొంచెం గాలికే చక్రాలు నెమ్మదిగా, ఆగకుండా తిరిగితే వాల్వులు సరిగా కుదిరినట్లు. రెండు సిలిండర్ల ఇంజను ఒక చుట్టుకు నాలుగుసార్లు ఊదాలి, నాలుగూ సమానంగా వినిపించాలి. ఈ ఇంజను గడియారంలా ఊదింది. ఇరుసులలో వదులు లేదు. చక్రాల అంచులు అరగలేదు.

అసలు విలువ మాత్రం బాయిలరులో ఉంటుంది. వెండి టంకంతో అతికిన రాగి బాయిలరు మేలైనది. ఉక్కు బాయిలరు లోపల తుప్పు పడుతుంది. ఇత్తడిది పనికిరాదు. వేడినీటిలో జింకు కరిగిపోయి లోహం గుల్లబారుతుంది, బయటికి మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. ఆస్ట్రేలియాలో మోడల్ క్లబ్బులు పాటించే బాయిలరు నియమాలు కఠినమైనవి. కొత్త బాయిలరును చన్నీటితో నింపి, పనిచేసే ఒత్తిడికి రెండింతలు పెట్టి పరీక్షిస్తారు. నీరు దాదాపుగా నొక్కుకుపోదు. కాబట్టి బాయిలరు చీలినా కారుతుందే గాని పేలదు. పరీక్షకు నిలబడినదానికి సర్టిఫికెట్ ఇస్తారు. ఆ కాగితం లేని ఇంజనును క్లబ్బు పట్టా మీద ఆవిరితో నడపనివ్వరు. అందుచేత ఒకే పనితనం గల రెండు ఇంజన్లలో కాగితమున్నదే ఎక్కువ పలుకుతుంది.

పెద్దాయన ఇంజనుకు కాగితం లేదు. బాయిలరు మీది రేకు తొక్క విప్పి, అడుగున కొంచెం గీకి చూస్తే ఎర్రగా కాక పచ్చగా కనిపించింది. ఇత్తడి.

ఫ్యాక్టరీ సరుకుకు లెక్క వేరు. 1979లో వచ్చిన మామోడ్ ఇంజనయినా, 1975 నుండి జపాను ఆస్టర్ వారు చేసినవైనా, అసలు రంగూ అసలు పెట్టే ఉంటే ధర పెరుగుతుంది. మళ్ళీ రంగు వేస్తే తగ్గుతుంది. ఇంట్లో చేసినదానికి పెట్టె ఉండదు. చేసినవాడి డ్రాయింగులు, పనిచేస్తున్నప్పటి ఫొటోలు, లెక్కల పుస్తకం, ఇవే దాని వంశవృక్షం. పడిన శ్రమకు గంటల లెక్కన కూలి కట్టి అడిగితే ఎవరూ కొనరు. ఇది కటువైన మాటే. అయినా అమ్మదలచినవారు ముందే తెలుసుకోవడం మంచిది.

కొత్త రాగి బాయిలరు చేయించాలంటే, అమ్మితే వచ్చేదానికంటే ఎక్కువ ఖర్చవుతుందని తేలింది. కారు ఖరీదు మాట అంతటితో పోయింది. పాత లోహం ధర కూడా న్యాయం కాదని నడక చూసిన వారందరూ ఒప్పుకున్నారు. అన్నదమ్ములు అమ్మలేదు. పెద్దాయన డ్రాయింగులు రెండు దొరికితే ప్లాస్టిక్ కవర్లలో పెట్టి, ఇంజను ఎవరు, ఎక్కడ, దేనిని చూసి చేశారో ఒక కాగితం మీద వ్రాసి జతపరిచారు.

ఈ పండుగకు హాలులో వాకిలి పక్కన బల్ల మీద దానిని గాలితో నడిపిస్తారు. చక్రాలు తిరుగుతున్నప్పుడు పిల్లలను వేళ్ళు పెట్టనివ్వవద్దని తల్లిదండ్రులకు మనవి.