పెరటి గోడలో చిన్న తలుపు

ఇల్లు కొనేటప్పుడు మనం ఆడవాళ్ళం ఏం చూస్తాం చెప్పండి? వంటింట్లోకి వెలుతురు వస్తుందా, బావి నీళ్ళు తియ్యగా ఉన్నాయా, తులసికోటకి చోటుందా, ఇంతే కదా! మగవాళ్ళు దస్తావేజులు చూస్తారు. పెరట్లో భూమి కింద ఏముందో మాత్రం ఇద్దరమూ చూడం. సత్యవేడులో పాత ఇల్లు కొన్నప్పుడు మేమూ అంతే చేశాం.

మావారు రిటైరయ్యాక చెన్నపట్నం రొద పడలేక ఏరికోరి ఎంచుకున్న ఊరిది. 1960 ఏప్రిల్ 1 దాకా మద్రాసు రాష్ట్రంలో చెంగల్పట్టు జిల్లాలో ఉండేది. సరిహద్దుల సర్దుబాటులో చిత్తూరు జిల్లాకి వచ్చింది. 2022లో తిరుపతి జిల్లాలో చేరింది. కూర్చున్నచోటి నుంచి కదలకుండా మూడు జిల్లాలు చూసిన ఊరన్నమాట!

"సెప్టిక్ ట్యాంకు ఉంది, ఏ ఇబ్బందీ లేదు" అని అమ్మినవారు చెప్పారు. కార్తీకంలో వానలు పట్టుకోగానే పాయిఖానాలో నీళ్ళు దిగడం మానేశాయి. మేస్త్రి వచ్చి పెరట్లో బండ పక్కకి జరిపించి, పొడుగాటి కర్ర దింపి చూసి పెదవి విరిచాడు.

"ఇది ట్యాంకీ కాదమ్మా. దీనికి అడుగే లేదు. ఉత్త కక్కసు గుంత. పైన బండేసి ట్యాంకీ అని చెప్తా ఉండారు."

కక్కసు అనే మాట మా వైపు తెలుగులోనూ తమిళంలోనూ ఉంది. ఇది డచ్చివాళ్ళ మాట నుంచి వచ్చిందని భాష తెలిసినవాళ్ళు అంటారు. మాకు దగ్గరే ఉన్న పులికాటులో డచ్చివాళ్ళు 1613లో గెల్డ్రియా కోట కట్టుకున్నారు. కోట శిథిలమైంది, వర్తకం పోయింది, ఈ ఒక్క మాట మాత్రం మనకి మిగిల్చిపోయారు!

మేస్త్రి టేపు తీసి గుంత నుంచి బావికి కొలిచాడు. పద్ధెనిమిది అడుగులు. "ఉండాల్సింది పద్ధెనిమిదే కదయ్యా, ఎక్కడో చదివాను" అన్నారు మావారు. "అది మీటర్లు సార్" అన్నాడు మేస్త్రి. నిజమే. నీళ్ళు ఇంకే గుంత తాగే నీటి బావికి కనీసం 18 మీటర్లు, అంటే దాదాపు అరవై అడుగుల ఎడంగా ఉండాలని మన దేశపు ప్రమాణాలు చెబుతున్నాయి. నెలరోజులుగా ఆ బావి నీళ్ళతోనే కాఫీ కలుపుతున్నానని గుర్తొచ్చి నా కడుపులో తిప్పింది.

బావికీ గుంతకీ ఉన్న ఈ చుట్టరికాన్ని లోకం చాలా ఖరీదు పెట్టి తెలుసుకుంది. 1854లో లండన్‌లో బ్రాడ్ స్ట్రీట్ అనే వీధిలో కలరా వచ్చి వందలమంది పోయారు. ఆ వీధి పంపు నీళ్ళే కారణమని జాన్ స్నో అనే డాక్టరు పట్టుకుని, సెప్టెంబరు 8న పంపు పిడి ఊడదీయించాడు. తర్వాత అసలు సంగతి బయటపడింది. పంపు పక్కింట్లో ఒక పసిపాపకి విరేచనాలు పట్టుకున్నాయి. తల్లి ఆ పాప గుడ్డలు జాడించి ఆ నీళ్ళు ఇంటి గుంతలో పోసింది. గుంతకీ పంపు బావికీ మధ్య మూడడుగులు కూడా లేదు. గుంత గోడ బీటలు వారి ఉంది. ఆ తల్లి చేసిన తప్పేముంది చెప్పండి? మనమంతా చేసే పనే కదా. తప్పు గుంతది.

అయితే ట్యాంకుకీ గుంతకీ తేడా ఏమిటి? 1860 ప్రాంతంలో ఫ్రాన్సులో వెసూల్ అనే ఊళ్ళో మూరాస్ అనే ఆయన తన ఇంటికి గాలి చొరబడని తొట్టి ఒకటి కట్టించుకున్నాడు. పన్నెండేళ్ళ తర్వాత తెరిచి చూస్తే నిండిపోయి ఉంటుందనుకున్నదల్లా దాదాపు నీళ్ళే! గాలి తగలని చోట బతికే సూక్ష్మజీవులు మలాన్ని కరిగించేశాయి. 1881లో ఆయన దానికి పేటెంటు తీసుకున్నాడు. 1895లో ఇంగ్లండులో ఎక్సెటర్ నగరపు ఇంజనీరు డొనాల్డ్ కామెరాన్ ఇలాంటిదే కట్టి, 'సెప్టిక్ ట్యాంకు' అని పేరు పెట్టాడు. అందులో పుట్టిన గ్యాసుతో వీధి దీపాలు వెలిగించారు. మరో రెండేళ్ళకి, 1897లో, బొంబాయి మాటుంగాలోని కుష్ఠురోగుల ఆశ్రమంలో ఇదే గ్యాసుని పనికి పెట్టారు.

ట్యాంకు పని మన పప్పుతేటలాంటిదే. బరువైనది అడుగుకి దిగుతుంది, తేలికది పైన తెట్టెలా తేలుతుంది, మధ్యన ఉన్న నీరు పక్క గుంతలోకి వెళ్ళి ఇంకుతుంది. అడుగున పేరుకున్న మడ్డిని మాత్రం రెండు మూడేళ్ళకోసారి తీయించాలి.

ఆ తీసేది ఎవరు? అసలు కథ ఇక్కడే ఉంది.

పాయిఖానా వెనక గోడకి, సందు వైపు, జానెడున్నర చదరపు రేకు తలుపు ఒకటి ఉంది. కోళ్ళ కోసమేమో అనుకున్నాను. "అది పాతకాలం కక్కసు తలుపమ్మా. ఆడ నించే ఎత్తుకుపోయేవాళ్ళు" అన్నాడు మేస్త్రి. గుండె కలుక్కుమంది. మా పుట్టింట్లోనూ అలాంటి తలుపుండేది. రోజూ తెల్లారకముందే బూడిద, తట్ట పట్టుకుని ఒకామె సందులోంచి వచ్చేది. అమ్మ పండగలకి పాత చీర దూరం నుంచి వేసేది. ఆమె పేరు ఏమిటో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎవరం అడగలేదు.

చీకటి పడ్డాక తెలిసినాయన ఒకరు మావారితో అన్నారు: "కొత్త ట్యాంకు ఎందుకండీ బోలెడు ఖర్చు! ఇద్దరు మనుషుల్ని పిలిపిస్తాను. రాత్రికి రాత్రి దిగి ఎత్తేస్తారు." మావారు నా వైపు చూశారు. నేను తలుపు చాటునుంచి బయటికి వచ్చి "వద్దండీ" అన్నాను.

మన చిత్తూరు వైపు నుంచి బతుకు తెరువుకి ఎంతమందో వెళ్ళిన కోలారు బంగారు గనుల్లో 1966లో ఒక తెలుగు కుటుంబంలో బెజవాడ విల్సన్ పుట్టారు. ఆ ఇంట్లో పెద్దవాళ్ళ బతుకు ఈ ఎత్తే పనే. కింద బంగారం తవ్వే ఊళ్ళో, పైన మనుషుల చేత మలం ఎత్తించారు. ఆ పాయిఖానాలు పోవాలని ఆయన ఉత్తరాలు రాశారు, ఫొటోలు తీసి లోకానికి చూపించారు. 2016లో మెగసెసె అవార్డు అందుకున్నారు. చేత్తో ఎత్తించడాన్ని 1993లో ఒక చట్టం నిషేధించింది. 2013 చట్టం ట్యాంకుల్లోకి, మురుగు కాలవల్లోకి రక్షణ లేకుండా మనిషిని దింపడాన్నీ నేరమంది. అలా చనిపోయినవారి కుటుంబాలకి పది లక్షలివ్వాలని 2014లో చెప్పిన సుప్రీంకోర్టే 2023లో దాన్ని ముప్ఫై లక్షలు చేసింది. చట్టం ఉండీ చావులు ఆగలేదనేగా అర్థం! ఆ గుంతలో పుట్టే విషవాయువు ఎక్కువైతే ముందు ముక్కునే మొద్దుబారుస్తుంది. వాసన రావడం లేదు కదా అని మనిషి దిగుతాడు. ఒకరిని కాపాడబోయి మరొకరు పోతారు.

ఇంకో దారీ ఉంది. రెండు గుంతల మరుగుదొడ్డిలో ఒకటి నిండాక రెండోదానికి మళ్ళిస్తారు, మొదటిది ఎరువుగా మారిపోతుంది. 2017లో వరంగల్ దగ్గర గంగదేవిపల్లిలో కేంద్ర ప్రభుత్వ కార్యదర్శి స్వయంగా గుంతలో దిగి ఆ ఎరువు ఎత్తి చూపించారు. కానీ వానాకాలంలో మా పెరట్లో నీళ్ళు పైపైకే వస్తాయి కాబట్టి, గట్టి అడుగున్న ట్యాంకే మేలన్నాడు మేస్త్రి.

లారీతో గుంత పీల్పించి మట్టితో పూడ్పించాం. బావి ఈశాన్యంలో ఉంది, ట్యాంకు వాయవ్యంలో రావాలని మావారి వాస్తు. అరవై అడుగులు కొలిస్తే అక్కడే తేలింది. ఇంట్లో ఒక్కసారైనా వాస్తూ శాస్త్రమూ రాజీపడ్డాయి! గాలి గొట్టం పెట్టించాం. లారీ గొట్టం అందేలా మూత సందు వైపు పెట్టించాం. బావి నీళ్ళు పరీక్ష చేయించేదాకా కాచి తాగాం.

చివరి రోజున మేస్త్రి రేకు తలుపు పీకి, "మూసేద్దునామ్మా?" అన్నాడు. నాలుగు ఇటుకలతో మూయించి, దగ్గరుండి సున్నం వేయించాను. వంటింట్లో పాల లెక్క పక్కన, మూడేళ్ళ తర్వాత తేదీ ఒకటి రాసిపెట్టుకున్నాను. దాని కింద రాసింది ఒకటే మాట: లారీకి ఫోను చేయాలి, మనిషికి కాదు.