మీర్ జుమ్లా: ఒక బందరు వర్తకుని ఎదురుదెబ్బలు

నేడు గుణదల అనగానే కొండమీది మేరీమాత గుడి, ఫిబ్రవరిలో జరిగే ఉత్సవాలు, విజయవాడ నగరాన్ని చీల్చుకుంటూ పోయే కాలువలు స్ఫురిస్తాయి. ఆ కాలువలు కృష్ణ మీద ఆనకట్ట పూర్తయిన 1855 తర్వాత వచ్చినవి. అంతకు రెండు వందల ఏళ్ల క్రితం ఈ ప్రాంతానికి ప్రాముఖ్యం తెచ్చింది నీరు కాదు, బాట. గోల్కొండ రాజధానినీ బందరు రేవునూ కలిపే రాదారి బెజవాడ మీదుగానే సాగేది. వజ్రాలు, ఉక్కు, చిరువేరు రంగుతో అద్దిన బట్టలు ఎడ్ల మీద, బండ్ల మీద రేవుకు దిగేవి. ఇరాన్ గుర్రాలు, పెగూ కెంపులు ఎగువకు పోయేవి. ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియర్ 1652లో బెజవాడ చూసి, అక్కడి దేవాలయాన్ని గురించి కూడా రాశాడు. అప్పుడు అతని ప్రయాణం గండికోటకు. అక్కడ ఉన్నవాడు మీర్ జుమ్లా.

మీర్ జుమ్లా అనేది పేరు కాదు, పదవి. అసలు పేరు ముహమ్మద్ సయ్యద్. ఇస్ఫహాన్ దగ్గరి అర్దిస్తాన్‌లో ఒక పేద నూనె వర్తకుని ఇంట పుట్టాడు. చదువు, లెక్క కొంత నేర్చుకుని, ఒక వజ్రాల వర్తకుని వద్ద గుమాస్తాగా చేరి గోల్కొండ రాజ్యానికి వచ్చాడు. అతని తొలి సంవత్సరాల గురించి ఐరోపా యాత్రికులు తలా ఒక కథ చెప్పారు. వాటిలో ఏది నిజమో తేల్చే ప్రయత్నం ఇక్కడ అనవసరం. అన్ని కథలూ ఏకీభవించే విషయం ఒక్కటే: వచ్చినప్పుడు అతని చేతిలో సొంత పెట్టుబడి లేదు, అండగా నిలిచే బంధువులూ లేరు.

అతడు ఎదిగిన కాలం సుఖమైనది కాదు. 1630-32 నాటి మహా క్షామం గుజరాతునే గాక దక్కనునూ, బందరు తీరాన్నీ తాకింది. నేతగాళ్లు మరణించారు, ఊళ్లు ఖాళీ అయ్యాయి, కంపెనీల గిడ్డంగులకు సరుకు రాలేదు. ఆ దెబ్బనుంచి తీరం కోలుకుంటున్న 1630ల నడుమ ముహమ్మద్ సయ్యద్ బందరు హవల్దారు అయ్యాడు. అప్పటికే వజ్రపు గనులను ఇజారాకు తీసుకున్నాడు. అన్నీ తన పేరిట గాక వేర్వేరు పేర్లతో తీసుకున్నాడని బెర్నియర్ రాశాడు. సొంత ఓడలు పది దాకా ఉండేవని చరిత్రకారుడు జగదీశ్ నారాయణ్ సర్కార్ లెక్కగట్టాడు. అవి ఇరాన్ రేవులకూ, ఎర్రసముద్రానికీ, పెగూకూ, ఆచేకూ తిరిగేవి. ఇంగ్లీషు కంపెనీకి అప్పిచ్చిన వ్యక్తి కూడా ఇతడే.

గండికోటలో టావెర్నియర్ చూసిన దృశ్యం ఆసక్తికరమైనది. మీర్ జుమ్లా తివాచీ మీద చెప్పులు లేకుండా కూర్చున్నాడు. కాలివేళ్ల మధ్య కొన్ని ఉత్తరాలు, ఎడమచేతి వేళ్ల మధ్య మరికొన్ని. ఒక్కొక్కటే తీసి గుమాస్తాలకు జవాబు చెప్పి రాయిస్తున్నాడు, కొన్ని తానే రాస్తున్నాడు. ఆ నడుమనే నేరస్తులను తెస్తే శిక్షలు చెప్పాడు, ఆ శిక్షలు బహు కఠినమైనవి. ఆ నడుమనే వజ్రాల సంచులు తెప్పించి, ఏ రాయి ఏ దేశంలో అమ్ముడుపోతుందో ముచ్చటించాడు. సైన్యాధిపతి అయి, కర్ణాటకాన్ని జయించి, రాజుతో సమానుడై కూడా అతడు గుమాస్తా అలవాట్లు వదలలేదు. వచ్చిన ఉత్తరానికి ఆ రోజే జవాబు వెళ్లాలి. ఎక్కడ ఏం జరుగుతున్నదో తెలియని వర్తకుడు నష్టం వచ్చాక గాని మేలుకోడు. మీర్ జుమ్లాకు నష్టం ముందే తెలిసేది.

అందుకు 1655 పెద్ద ఉదాహరణ. కర్ణాటకంలో మీర్ జుమ్లా బలం చూసి సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్ షాకు అనుమానం పట్టుకుంది. దానికి తోడు రాజధానిలో ఉన్న కుమారుడు ముహమ్మద్ అమీన్ అహంకారి. తాగిన మత్తులో దర్బారుకు వచ్చి సుల్తాన్ ఆసనం మీదనే పడుకున్నాడని చెబుతారు. 1655 నవంబరులో సుల్తాన్ అమీన్‌ను, కుటుంబాన్ని ఖైదు చేయించి, ఆస్తిని స్వాధీనం చేసుకున్నాడు. ఇరవై ఏళ్ల శ్రమ ఒక్క రోజులో పోయిందని ఎవరైనా అనుకోవలసిన ఘడియ అది.

కాని మీర్ జుమ్లా అప్పటికే ఇరాన్ షాతో, బీజాపూర్ ఆదిల్ షాతో, దక్కనులోని ఔరంగజేబుతో ఏకకాలంలో ఉత్తరాలు నడుపుతున్నాడు. సరుకంతా ఒకే ఓడలో వేయని బందరు వర్తకుని అలవాటు ఇది. తుఫానులో ఒక ఓడ మునిగితే మరొకటి రేవు చేరుతుంది. షాజహాన్ అతనికి అయిదు వేల మన్సబు, అమీన్‌కు రెండు వేల మన్సబు ప్రకటించి, ఖైదీలను విడిచిపెట్టమని ఫర్మానా పంపాడు. 1656 జూలైలో మీర్ జుమ్లా ఢిల్లీ చేరి సామ్రాజ్యానికి వజీరు అయ్యాడు.

ఎదురుదెబ్బను మెట్టుగా మార్చుకున్నాడని ఇతనిని మెచ్చుకునేవారు సాధారణంగా ఇక్కడ ఆగిపోతారు. ఆగకూడదు. అదే 1656 జనవరిలో ఔరంగజేబు కుమారుడు ముహమ్మద్ సుల్తాన్ సేనలు హైదరాబాదును దోచుకున్నాయి. గోల్కొండ ముట్టడి మార్చి చివర గాని ఎత్తివేయబడలేదు. సుల్తాన్ భారీ పరిహారం చెల్లించి, కుమార్తెను ఆ రాకుమారునికిచ్చి సంధి చేసుకున్నాడు. తనకు అన్నం పెట్టిన రాజ్యాన్ని మీర్ జుమ్లా తన ప్రమాదానికి వెలగా చెల్లించాడు. కర్ణాటకంలో బట్టల వర్తకాన్ని తన గుత్తకు తెచ్చుకున్నప్పుడు కూడా సంగతి ఇదే. కంపెనీలు ఫిర్యాదులు రాసుకున్నాయి గనుక వాటి కష్టం మనకు తెలుసు. మగ్గం ముందు కూర్చున్న నేతగానికి రెండో ఓడ లేదు, రాసుకునే దఫ్తరూ లేదు. ఓర్పు, మెలకువ, నిబ్బరం అనేవి గొప్ప గుణాలే. అయితే సబ్ర్ అనే మాట వాటన్నిటికీ అతికించడం తొందరపాటు. సబ్ర్‌లో ఇతరుల హక్కు కూడా ఇమిడి ఉంటుంది. ఆ కొలతకు గండికోట రోజుల మీర్ జుమ్లా నిలవడు.

తర్వాతి దెబ్బలు త్వరగానే వచ్చాయి. 1656లో మద్రాసు ఇంగ్లీషువారు అతని ఓడ ఒకదానిని పట్టుకున్నారు. అతని మనుషులు మద్రాసును చుట్టుముట్టారు. ఆ ఓడ లెక్కను అతడు మరువలేదు. తర్వాత బెంగాల్ సుబేదారు అయినప్పుడు అక్కడి ఇంగ్లీషు వర్తకాన్ని అడ్డగించి, క్షమాపణ చెప్పించుకున్నాడు. 1658 ఆరంభంలో ఔరంగజేబు అతనిని ఖైదు చేశాడు. అది ఇద్దరూ కలిసి ఆడిన నాటకమని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. మరుసటి ఏడాది జనవరిలో ఖజ్వా యుద్ధంలో అతడు ఔరంగజేబు పక్షాన ఉన్నాడు.

చివరి పరీక్ష అస్సాంలో ఎదురయింది. 1662 మార్చిలో అహోం రాజధాని గర్‌గావ్ లొంగింది గాని, వానాకాలం రాగానే మొగల్ సేన నీటి మధ్య చిక్కుకుపోయింది. ఢాకా నుంచి దారులు తెగాయి. ధాన్యం కరువైంది, మహమ్మారి వ్యాపించింది, గుర్రాలు చచ్చిపోయాయి. ఇక్కడ డబ్బు పనికిరాలేదు, రెండో ఓడ లేదు, ఉత్తరం పంపడానికి దారి లేదు. ఈ దండయాత్రలో వెంట ఉండి చరిత్ర రాసిన షిహాబుద్దీన్ తాలిష్ సేనాపతి ప్రవర్తనను ప్రశంసించాడు: సైనికులతోపాటు కష్టాలు పంచుకున్నాడు, ప్రజలను దోచుకోనివ్వలేదు, స్త్రీల జోలికి పోనివ్వలేదు. కర్ణాటకంలో గుత్త నడిపినవాడూ ఇతడే, వానలో బంటుతో సమానంగా కష్టపడినవాడూ ఇతడే. చేతిలో ఏమీ మిగలనప్పుడే అతని గుణం కొంత మెరుగై కనిపించిందని చెప్పవలసి ఉంటుంది. అప్పటికి అతనికి డెబ్బయి ఏళ్లు.

1663 జనవరిలో అహోంలతో సంధి కుదిరింది. అప్పటికే జ్వరంతో క్షీణించిన మీర్ జుమ్లా పల్లకీలో, తర్వాత పడవలో వెనుదిరిగాడు. హిజ్రీ 1073, అంటే 1663 మార్చి ఆఖరులో, ఢాకా చేరకముందే మరణించాడు. అతనిదని చెప్పే సమాధి బందరుకు ఎంతో దూరాన, అస్సాం సరిహద్దులోని మంకాచార్‌లో ఉంది.