పసుపు చొక్కా ఎవరిది?

"ఏందబ్బయా, మనోళ్ళు ఇంతమంది గోవాకి పోయుండారా?"

2022 మార్చి 20, ఆదివారం రాత్రి ఏడున్నర. గూడూరులో మా మామ ఇంటి వసారా. పొద్దుటి నుంచీ నిమ్మకాయల మండీలో నిలబడి వచ్చిన మనిషి కాళ్ళు కడుక్కుని టీవీ ముందు చాప మీద చతికిలబడ్డాడు. తెర మీద మడ్గావ్‌లోని ఫతోర్డా స్టేడియం. ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్ ఫైనల్. గ్యాలరీలు ఈ చివర నుంచి ఆ చివర దాకా పసుపు. మైదానంలో పసుపు చొక్కాలేసుకున్నది హైదరాబాద్ ఎఫ్‌సీ. మామ లెక్కలో ఆ జనమంతా మనోళ్ళే.

"కాదు మామా. పైన కూర్చున్న పసుపు కేరళోళ్ళది. కింద ఆడే పసుపు మనది."

"మరి కేరళ టీమ్ యాడ?"

నలుపు మీద నీలి చారల చొక్కాల్లో నిలబడ్డ పదకొండుమందిని చూపించాను. మామ కాసేపు మాట్లాడలేదు. రంగు చూసి సరుకు చెప్పే మనిషి ఆయన. పచ్చికాయ, దోరకాయ, పండు. బస్తా విప్పి నాలుగు కాయలు అరచేతిలో దొర్లించి, ఇవి ఎన్ని రోజుల ప్రయాణం తట్టుకుంటాయో చెప్పేస్తాడు. అలాంటి మనిషికి ఈ తిరకాసు మింగుడు పడలేదు.

"వాళ్ళ రంగు వాళ్ళకి లేకండా ఎట్టబ్బయా ఆడేది?"

ఆ రాత్రి నేను ఆయనకు సగమే చెప్పగలిగాను. మిగతా సగం ఇన్నాళ్ళకు రాస్తున్నాను.

ఫుట్‌బాల్ నిబంధనల్లో నాలుగోది ఆటగాళ్ళ దుస్తుల గురించి. రెండు జట్ల రంగులు ఒకదానితో ఒకటి కలవకూడదు, రెఫరీల రంగుతోనూ కలవకూడదు. గోల్‌కీపర్ల చొక్కాలు అందరివాటికంటే వేరుగా ఉండాలి. కారణం ఆట తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. బంతి కాలి దగ్గరుండగా ఆటగాడు తలెత్తి చూసేది రెప్పపాటు. అంతలో ముఖం ఆనదు, రంగే ఆనుతుంది. ఆ రంగు మీద నమ్మకంతోనే బంతి వదులుతాడు. అందుకే ప్రతి క్లబ్బూ సీజన్ మొదట్లోనే సొంత గడ్డ మీద వేసుకునేది ఒకటి, బయటి ఊళ్ళకు ఒకటి, ఎందుకైనా మంచిదని మూడోది ఒకటి కుట్టించి పెట్టుకుంటుంది.

ఆ ఏడాది లీగ్ పట్టికలో హైదరాబాద్ 38 పాయింట్లతో రెండోది, కేరళ బ్లాస్టర్స్ 34 పాయింట్లతో నాలుగోది. ఫైనల్ రెండు ఊళ్ళకూ దూరంగా గోవాలో జరుగుతున్నా, పట్టికలో పైనున్న హైదరాబాదే కాగితం మీద ఆతిథ్య జట్టు. పసుపు దానికి దక్కింది. కేరళ మార్చుకుంది.

నిబంధన ప్రకారం ఇందులో ఎవరి తప్పూ లేదు. అయినా కేరళ అభిమాని కడుపులో ఏం తిరిగిందో నాకు అర్థమవుతుంది. వాళ్ళ అభిమాన సంఘం పేరు 'మంజప్పడ', అంటే పసుపు దండు. రంగే వాళ్ళ పేరు. 2014లో ఫైనల్ ఓడారు, 2016లో ఓడారు. కరోనా కారణంగా రెండు సీజన్లు మ్యాచ్‌లన్నీ గోవాలోనే, ఖాళీ కుర్చీల మధ్య జరిగాయి. ఈ ఫైనల్‌కే జనాన్ని నిండుగా రానిచ్చారు. రైళ్ళెక్కారు, బస్సులు మాట్లాడుకున్నారు, బైకుల మీద బయల్దేరారు. అలా బైకు మీద వస్తూ ఇద్దరు మలప్పురం కుర్రాళ్ళు కాసరగోడ్ దగ్గర రోడ్డు ప్రమాదంలో ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఇంత చేసి గ్యాలరీలో కూర్చున్నవాళ్ళకు, తమ రంగు అవతలి జట్టు ఒంటి మీద కనిపించింది.

ఇలాంటి ఫైనల్ ఫుట్‌బాల్‌లో అంతకుముందూ ఒకటి ఉంది.

1958 జూన్ చివర, స్టాక్‌హోమ్. ప్రపంచ కప్ ఫైనల్లో స్వీడన్, బ్రెజిల్. రెండూ పసుపే. ఆ రోజు పసుపు స్వీడన్‌కే పోయింది. బ్రెజిల్ ఆటగాళ్ళ ముఖాలు వాడిపోయాయి. వాళ్ళకు ఆ పసుపు కొత్తగా వచ్చింది, చాలా ఖరీదు పెట్టి తెచ్చుకున్నది. 1950లో సొంత దేశంలో, మరకానా స్టేడియంలో, తెల్ల చొక్కాలతో ఆడి ఉరుగ్వే చేతిలో 2-1తో కప్పు పోగొట్టుకున్నారు. దేశం దేశమే ఏడ్చింది. ఆ తెలుపు ఇక కళ్ళబడకూడదనుకున్నారు. 1953లో ఒక దినపత్రిక పోటీ పెట్టింది: జాతీయ జెండాలోని నాలుగు రంగులూ వచ్చేలా కొత్త దుస్తులు గీసి పంపండి అని.

గెలిచింది పెద్ద నగరపు చిత్రకారుడు కాదు. ఉరుగ్వే సరిహద్దులో, ఏటి ఒడ్డున ఉన్న జాగ్వరావ్ అనే చిన్న ఊరి కుర్రాడు, అల్దీర్ గార్సియా ష్లీ. వయసు 19. నాలుగు రంగులు ఒకచోట ఇముడ్చడం అతన్ని తిప్పలు పెట్టింది. వందకు పైగా బొమ్మలు గీశాడు. చివరికి చొక్కా పసుపు, మెడకూ చేతులకూ ఆకుపచ్చ అంచు, నిక్కరు నీలం, మేజోళ్ళు తెలుపు. 1954 మార్చిలో చిలీ మీద ఆ దుస్తులతో తొలిసారి దిగారు. ఇవాళ ప్రపంచంలో ఏ మూల పిల్లవాడికైనా పసుపు చొక్కా అంటే బ్రెజిలే. విచిత్రమేమంటే ష్లీ మనసు మాత్రం జీవితాంతం ఏటికి అవతలి ఉరుగ్వే జట్టు మీదే. అతన్ని తలచుకుంటే నాకు మనలాంటి ఊళ్ళ కుర్రాళ్ళే గుర్తొస్తారు. లెక్కల నోటు పుస్తకం వెనక పేజీల్లో జెర్సీలు గీసుకునే పిల్లలు గూడూరులో లేరా?

మళ్ళీ స్టాక్‌హోమ్‌కి. బ్రెజిల్ బృందం దగ్గర నీలం చొక్కాలు లేవు. బజారుకెళ్ళి కొన్నారు. పసుపు చొక్కాల మీది చిహ్నాలు విప్పి, నీలం చొక్కాలకు కుట్టారు. బృంద నాయకుడు పౌలో మషాదో ద కర్వాల్యో ఆటగాళ్ళ దగ్గరికొచ్చి, నీలం మన అపరేసిదా మాత పైటచెంగు రంగు, ఆ తల్లి మన వెంట ఉంది అని ధైర్యం చెప్పాడు. 5-2తో గెలిచారు. 17 ఏళ్ళ పెలే రెండు గోల్స్ కొట్టాడు. వాళ్ళ మొదటి ప్రపంచ కప్పు నీలం చొక్కాలో వచ్చింది.

ఫతోర్డాలో కేరళకూ అలాగే జరుగుతుందేమో అనిపించింది నాకు ఆ రాత్రి.

అసలు ఈ రెండు పసుపుల వెనకా తెలుగువాళ్ళున్నారు. ఏనుగు గుర్తున్న కేరళ బ్లాస్టర్స్‌లో 2016లో సచిన్ టెండూల్కర్ పక్కన వాటాదారులుగా చేరింది నిమ్మగడ్డ ప్రసాద్, చిరంజీవి, నాగార్జున, అల్లు అరవింద్. అప్పటికి హైదరాబాద్‌కి ఆ లీగ్‌లో జట్టే లేదు. ఎస్.ఎ.రహీమ్ శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ గెలిచిన నగరం అది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా పోయిన మన దేశపు జట్టుకు బలగాన్నిచ్చిన నగరం. దానికి జట్టు లేకపోవడం నాకు ఎప్పుడూ కొరతగానే ఉండేది.

2019 ఆగస్టు 27న ఆ కొరత తీరింది. పుణె సిటీ క్లబ్బు మూతపడితే ఆ చోటు హైదరాబాద్‌కి వచ్చింది. తెచ్చినవాళ్ళు విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని. ఈ వరుణ్ అంతకుముందు కేరళ బ్లాస్టర్స్‌కే సీఈఓ. పుణె జట్టు గుర్తు గుర్రం, రంగులు నారింజ, ఊదా. ఇక్కడ గుర్రాన్ని పక్కన పెట్టి కొత్త చిహ్నం గీశారు. చార్మినార్ మీనారు, కోహినూరు వజ్రం కలిపి, పసుపూ నలుపూ రంగుల్లో. 1591లో లేచిన మీనారు ఒకటి. పల్నాట కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పుకునే వజ్రం ఒకటి. ఒకటి కళ్ళముందే ఉంది, రెండోది చేజారి లండన్ చేరింది. ఆ రెంటినీ ఒక్క బొమ్మలో పెట్టినవాళ్ళ ఆలోచన నాకు నచ్చింది.

మొదటి ఏడు అవమానమే. తొలి మ్యాచ్‌లో కోల్‌కతా చేతిలో 5-0. సీజన్ మొత్తం 18 మ్యాచ్‌ల్లో గెలిచినవి రెండు. ఆ రెండింట్లో మొదటిది గచ్చిబౌలిలో, కేరళ మీదే. కె.పి.రాహుల్ గోల్‌తో కేరళ ముందుకెళితే, వెనక నుంచి వచ్చి 2-1తో గెలిచారు. ఆ పేరు గుర్తుంచుకోండి.

ఫతోర్డాలో 68వ నిమిషం. కొట్టింది మళ్ళీ రాహులే. పసుపు గ్యాలరీ పొంగింది. నలుపు-నీలం చొక్కాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. టీవీలో చూస్తే, పసుపు చొక్కాలవాళ్ళు నడుముల మీద చేతులేసుకుని నిలబడ్డారు, పసుపు చొక్కాలవాళ్ళే పైన ఎగిరి గంతులేస్తున్నారు. మామ నా వైపు తిరిగి, "ఇప్పుడు ఎవురికి సంతోషపడాలబ్బయా?" అన్నాడు.

88వ నిమిషం. ఆట మధ్యలో దిగిన గోవా కుర్రాడు సాహిల్ తవోరా, పెనాల్టీ పెట్టె బయట గాల్లో ఉన్న బంతిని నేల తాకనివ్వకుండా కొట్టాడు. 1-1. అదనపు సమయంలోనూ తేలలేదు. పెనాల్టీలు.

హైదరాబాద్ గోల్‌లో లక్ష్మీకాంత్ కట్టిమణి. ఈ మైదానం అతనికి పాతదే. 2015 డిసెంబరులో ఇక్కడే ఫైనల్, అప్పుడు అతను ఎఫ్‌సీ గోవా కీపరు. 2-1తో గోవా ముందుండగా 90వ నిమిషంలో బంతి అతని చేతుల మీదుగా సొంత గోల్‌లోకే పోయింది. ఆ వెంటనే ప్రత్యర్థి చెన్నైయిన్ జట్టు ఇంకొకటి కొట్టి కప్పు ఎత్తుకుపోయింది. సొంతవాళ్ళ ముందు, సొంత మైదానంలో. ఆరేళ్ళకు పైగా ఆ బరువు మోసిన మనిషి మళ్ళీ అదే మైదానంలో గోల్ స్తంభాల మధ్య నిలబడ్డాడు.

కేరళ నుంచి మొదట లెస్కోవిచ్. కట్టిమణి ఆపాడు. నిషు కుమార్. ఆపాడు. ఆయుష్ అధికారి కొట్టాడు. జీక్సన్ సింగ్. అదీ ఆపాడు. హైదరాబాద్ తరఫున సివెరియో ఒక్కడే గురి తప్పాడు. జువావ్ విక్టర్, కమారా కొట్టారు. ఆఖరికి హలిచరణ్ నర్జరీ బంతిని వలలో వేయగానే 3-1. మొదటి ఏడు అట్టడుగున పడిన జట్టు మూడో ఏట కప్పు పట్టుకుంది.

గ్యాలరీలోని పసుపు అంతా తల వంచుకుంది. కింది పసుపు కప్పు చుట్టూ గెంతింది.

మామ లేచి వెళుతూ, "పాపం వాళ్ళు. వాళ్ళ రంగుని వాళ్ళే ఓడించినట్టుండాది" అన్నాడు.

ఆ వారమే మామ కొడుకు, ఇంటర్ చదువుతున్నవాడు, ఆన్‌లైన్‌లో హైదరాబాద్ చొక్కా తెప్పించుకున్నాడు. మండీ నుంచి రాగానే మామ దాన్ని వెలుతురులో పట్టుకుని, "ఇది బాగా మాగిన పండు రంగు" అని తేల్చాడు. గుండె మీది చిహ్నం కుట్టింది కాదు, వేడితో అంటించింది. బొటనవేలితో దాన్ని తడిమి, మీనారు ఏదో వజ్రం ఏదో కొడుకు చేత చెప్పించుకున్నాడు.

తర్వాతి కథ చెప్పడానికి నాకు మనసొప్పదు. 2023-24 సీజన్లో పేరున్న ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఒక్కటంటే ఒక్క మ్యాచ్ గెలిచి జట్టు అట్టడుగుకు చేరింది. 2025 అక్టోబరులో క్లబ్బు ఢిల్లీకి తరలింది, పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. పుణె గుర్రం పోయినట్టే చార్మినార్ మీనారూ పోయింది. గెలిచిన ఏడు ఆ జట్టు సొంత ఊళ్ళో ఒక్క మ్యాచ్ ఆడలేదు. ఆడిన ఏళ్ళలో గచ్చిబౌలి గ్యాలరీని మనం కేరళవాళ్ళలా నింపలేదు. ఆ మాట ఒప్పుకోవాలి. పసుపు దండు అనిపించుకోవడానికి మనకూ ఆరేళ్ళు దొరికాయి.

మొన్న గూడూరు వెళితే మామ కొడుకు అదే చొక్కాతో ఆటకు తయారవుతున్నాడు. ఉతికి ఉతికి చిహ్నం ఒక పక్క అంచు లేచింది.

"ఆ టీమ్ ఇప్పుడు లేదు కదరా" అన్నాను.

"చొక్కా ఉంది కదా బావా" అన్నాడు.

అత్త వాడి ఒంటి మీద నుంచి చొక్కా విప్పించి బల్ల మీద పరిచింది. చిహ్నం మీద పాత పంచె ముక్క కప్పి, ఇస్త్రీ పెట్టెను కాసేపు అదిమి పట్టింది. గుడ్డ తీసి గోటితో గీకి చూసింది. అంచు అతుక్కుంది. వాడు చొక్కా వేడి ఆరకముందే తలకు దూర్చుకుని సైకిలెక్కాడు.