పిల్లికి 236 మాటలు

1954 మే 24 నాటి ‘లైఫ్’ పత్రికలో జాన్ హెర్సీ వ్యాసం ఒకటి వచ్చింది. అవును, ‘హిరోషిమా’ రాసిన హెర్సీయే. ఈసారి ఆయన కన్ను ఒకటో తరగతి వాచకం మీద పడింది. కనెటికట్ రాష్ట్రంలోని ఫెయిర్‌ఫీల్డ్‌లో బడుల తీరు పరిశీలించడానికి స్థానికులు వేసుకున్న సంఘంలో ఆయనా ఒక సభ్యుడు. పిల్లలకి చదవడం ఎందుకు పట్టుబడటం లేదో చెబుతూ చాలా కారణాలే చూపించాడు గానీ, జనానికి గుర్తుండిపోయింది ఒక్కటే: ఆ పుస్తకాలు చచ్చేంత విసుగు.

అప్పట్లో అమెరికా బడుల్లో ఎక్కడ చూసినా డిక్, జేన్‌లే. స్కాట్ ఫోర్స్‌మన్ కంపెనీ 1930లో మొదలుపెట్టిన వాచకాలవి. ఒక అన్న, ఇద్దరు చెల్లెళ్ళు, స్పాట్ అనే కుక్క, చక్కగా నవ్వే అమ్మానాన్న. ఎవరికీ ఏమీ కాదు. కుక్క పరిగెత్తితే చూడమంటారు, మళ్ళీ చూడమంటారు, అంతే. అందరూ తెల్లవాళ్ళు, ఒక నల్లజాతి కుటుంబం ఆ పేజీల్లో అడుగుపెట్టడానికి 1965 దాకా పట్టింది. 1970లో టోనీ మారిసన్ తన మొదటి నవల ‘ది బ్లూయెస్ట్ ఐ’ని ఈ వాచకాల భాషతోనే మొదలుపెట్టింది. ఆ పాఠాన్నే ముందు విరామ చిహ్నాలు తీసేసి, తరవాత మాటల మధ్య ఖాళీలు కూడా తీసేసి మళ్ళీ వేసింది. ఆ చక్కటి ఇంటి బొమ్మ చూసి ఎవరికి ఊపిరాడలేదో ఆ పేజీ చూస్తే తెలుస్తుంది.

విసుగు వెనక ఒక సిద్ధాంతం ఉంది. ఇంగ్లీషులో రాత ఒకటి, పలుకు ఇంకొకటి. అందుకని మాట మొత్తాన్ని బొమ్మలా గుర్తుపట్టించాలని, దానికి ఒకే మాట పదేపదే కనబడాలని అనుకున్నారు. 1955లో రుడాల్ఫ్ ఫ్లెష్ ఈ పద్ధతి మీద విరుచుకుపడుతూ ఏకంగా పుస్తకమే రాశాడు. ముందు అక్షరాల ధ్వనులు నేర్పండయ్యా అన్నది ఆయన వాదన. ఆ తగాదా ఇప్పటికీ తెగలేదు.

వాచకాలకి ఎలాంటివాళ్ళు బొమ్మలేస్తే బాగుంటుందో చెబుతూ హెర్సీ ఇచ్చిన పేర్లలో డాక్టర్ సూస్ ఒకటి. అసలు పేరు థియొడోర్ గైజెల్. హోటన్ మిఫ్లిన్ సంస్థలో పాఠ్యపుస్తకాలు చూసే విలియం స్పాల్డింగ్ ఆయన చేతికి మాటల జాబితా ఒకటిచ్చి, పిల్లలు కింద పెట్టలేని పుస్తకం రాయమన్నాడు. జాబితాలో ప్రాస కుదిరిన మొదటి రెండు మాటలు క్యాట్, హ్యాట్ అని గైజెల్ తరవాత చెప్పుకున్నాడు. చెప్పిన ప్రతిసారీ ఆ కథ కొంచెం మారేదనుకోండి. 1957లో ‘ది క్యాట్ ఇన్ ద హ్యాట్’ వచ్చింది. అందులో వేర్వేరు మాటలు 236.

మాటల పొదుపు డిక్, జేన్‌లకీ ఉంది, ఈ పిల్లికీ ఉంది. కానీ ఇక్కడ బయట వాన, ఇంట్లో అమ్మ లేదు, పిల్లి వచ్చి ఇల్లు పీకి పందిరేస్తోంది. అమ్మ వచ్చేలోపు సర్దగలరా? పేజీ తిప్పకుండా ఏ పిల్ల ఉంటుంది! పైగా ప్రాస చేసే మేలొకటి: తరవాతి మాటని ఎలా పలకాలో ముందు మాటే చెవిలో చెప్పేస్తుంది.

బడులు దీన్ని పెద్దగా కొనలేదు. ఇళ్ళల్లో మాత్రం పిల్లలు పట్టుబట్టి కొనిపించుకున్నారు. తరవాత ప్రచురణకర్త బెనెట్ సెర్ఫ్ 50 మాటలతో రాయగలవా అని పందెం కాస్తే, 1960లో ‘గ్రీన్ ఎగ్స్ అండ్ హామ్’ వచ్చింది. పందెం డబ్బు సెర్ఫ్ ఇవ్వనే లేదని గైజెల్ అనేవాడు.

నాకు మాత్రం అదే 1957లో వచ్చిన ‘లిటిల్ బేర్’ ఎక్కువ ఇష్టం. రాసింది ఎల్సె మినారిక్ అనే ఒకటో తరగతి టీచరు, బొమ్మలు మోరిస్ సెండాక్. చలేస్తోందని ఎలుగుపిల్ల మళ్ళీ మళ్ళీ వస్తాడు. అమ్మ టోపీ ఇస్తుంది, కోటు ఇస్తుంది, ఇంకా చలే. చివరికి అన్నీ విప్పించేస్తుంది. ఒంటి మీద సొంత బొచ్చు ఉందిగా!

మరి మన తెలుగులో? పెద్దబాలశిక్ష వరస తెలిసిందే: అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు. ఇప్పుడు ప్రథమ్ బుక్స్ లాంటి సంస్థలు స్థాయిల వారీగా తెలుగు కథలు ఇస్తున్నాయి, సంతోషం. కానీ మాటలు లెక్కపెట్టే కొలత మనకి సరిగ్గా అతకదు. వెళ్ళాడు, వెళ్ళింది, వెళ్దాం, వెళ్ళకపోతే – ఇది ఒక మాటా, నాలుగు మాటలా? ఇంగ్లీషు పిల్లకి స్పెల్లింగ్ ఎంత కష్టమో మన పిల్లకి ఒత్తులు అంత కష్టం. అవి ఇంకా రాని పిల్ల కోసం ఒక కథ రాద్దామని కూచోండి, తెలుస్తుంది. అమ్మ ఉండదు. నాన్న, అక్క, అన్న, చెల్లి, తమ్ముడు ఎవరూ ఉండరు. తాత ఒక్కడూ మిగులుతాడు, పోనీ మామ, బావ, వదిన. కుక్కా పిల్లీ నక్కా బయటికి. మేక, కోడి, ఉడత లోపలికి. అన్నం లేదు, నీళ్ళు లేవు, ఇల్లే లేదు. ‘వచ్చాడు’ అనడానికి వీల్లేదు గనక ఎవడైనా దూకాలి, లేదా పారిపోవాలి. అన్నిటికన్నా తమాషా, ‘అంది’లో ఒత్తు లేదు, ‘అన్నాడు’లో ఉంది. అంటే మేక మాట్లాడుతుంది గానీ తాతకి నోరు లేదు!

దారి లేకపోలేదు. ‘అన్నాడు’ని ‘అంటాడు’గా మారిస్తే తాతకి నోరొస్తుంది. నోటితో కథ చెప్పేటప్పుడు మనం ఎటూ చాలాసార్లు అలాగే చెబుతాం.

తాత టోపీ ఉడత లాగేసుకుంటుంది. ఏదీ నా టోపీ, అంటాడు తాత. ఏ టోపీ, అంటుంది ఉడత.