ఊదర కుండ: సస్యరక్షణ చరిత్రలో యానాదులు

ఎడ్గర్ థర్‌స్టన్, కె. రంగాచారి 1909లో వెలువరించిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథం ఏడవ సంపుటంలో యానాదులు ఎలుకలను పట్టే తీరు నమోదైంది. కుండలో గడ్డి కూరి, నిప్పు వేసి, మూతిని కలుగుకు ఆనిస్తారు. కుండకున్న సన్నని చీలిక గుండా ఊదితే పొగ లోపలికి పోతుంది. ఊపిరాడక వేరే కన్నాల నుండి వెలువడే ఎలుకలను అక్కడ కాచుకున్నవారు చంపుతారు. కలుగు తవ్వితే అందులో ఎలుకలు దాచిన వరి గింజలు కూడా దొరుకుతాయి.

థర్‌స్టన్ దృష్టిలో ఇది వేట. రైతు పక్షాన నిలిచి చూస్తే ఇదే సస్యరక్షణ. కానీ వలస పాలన పత్రాలను ఆ కోణంలో చదివినవారు తక్కువ. తెలుగు ‘పందికొక్కు’ ఆంగ్లంలో ‘బాండికూట్’ అయి, పొలం ఎలుక శాస్త్రీయ నామమైన ‘బాండికోటా బెంగాలెన్సిస్’లోనూ స్థిరపడింది. దానిని పట్టినవారిలో కొందరి పేర్లు మాత్రం నేరస్థ తెగల జాబితాకెక్కాయి. ఆ చట్టం 1952లో రద్దయింది.

జింక్ ఫాస్ఫైడ్ ఎరలు వచ్చాక కూడా కృష్ణా, గోదావరి డెల్టాల రైతులు బుట్టలు పెట్టేవారిని పిలుస్తూనే ఉన్నారు. కూలి, చిక్కిన ఎలుకల లెక్కన.