శివసముద్రం నుంచి కోలారుకు: ఒక విద్యుత్ మార్గం పుట్టుక

పందొమ్మిదో శతాబ్దం ముగిసేనాటికి మైసూరు సంస్థానంలోని కోలారు బంగారు గనులు చాలా లోతుకు దిగడంతో, ఊటనీటిని తోడడానికి, సొరంగాల్లోకి గాలి పంపడానికి, ముడిరాతిని పొడిచేసే దంపుడు యంత్రాలను నడపడానికి ఆవిరి యంత్రాలకు వేసే బొగ్గు, కట్టెల ఖర్చు గనుల యాజమాన్యానికి మోయలేని భారమైంది. అక్కడికి సుమారు 147 కిలోమీటర్ల దూరాన, కావేరి రెండు పాయలుగా చీలి గగనచుక్కి, భరచుక్కి జలపాతాలై దూకే శివసముద్రం వద్ద మాత్రం దాదాపు 400 అడుగుల ఎత్తు నుంచి పడే నీటి బలం ఏ పనికీ ఉపయోగపడకుండా పోతుండేది. ఈ రెండు చోట్లనూ కలపాలన్న ఆలోచనకు దివాన్ కె. శేషాద్రి అయ్యర్ అండగా నిలవగా, రాయల్ ఇంజనీర్స్‌కు చెందిన జోలీ డి లోబినియేర్ అమెరికా, ఐరోపాలలోని విద్యుత్ కేంద్రాలను చూసివచ్చి పథకానికి రూపమిచ్చాడు.

నీటితో విద్యుత్తు పుట్టించడం అప్పటికి దేశానికి కొత్త కాదు. డార్జిలింగ్ సమీపంలోని సిద్రాపాంగ్ కేంద్రం 1897లోనే పనిచేయడం మొదలుపెట్టింది. అసలు చిక్కు దూరంతో వచ్చింది. తీగలో ప్రవహించే కరెంటుకు తీగ నిరోధం అడ్డుపడి, ఆ మేరకు శక్తి వేడిగా మారి వృథా అవుతుంది. ఈ నష్టం కరెంటు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది గనుక, అంతే శక్తిని పదిరెట్లు ఎక్కువ వోల్టేజీతో పంపితే కరెంటు పదో వంతుకు, నష్టం నూరో వంతుకు తగ్గుతాయి. దిశ మార్చుకుంటూ సాగే ఏకాంతర విద్యుత్తును ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా తేలికగా హెచ్చు వోల్టేజీకి ఎక్కించి, గమ్యంలో మళ్లీ దించవచ్చు. శివసముద్రం ఇంజనీర్లు 30 వేల వోల్టులకు మించిన వోల్టేజీని ఎంచుకోవడానికి కారణం ఇదే. అంత దూరపు మార్గం ఆనాటి ప్రపంచంలోనే అరుదైనది. 1902 జూన్‌లో కేంద్రం ప్రారంభమయ్యేసరికి శేషాద్రి అయ్యర్ జీవించి లేరు. ఆయన అంతకు ముందు ఏడాదే కన్నుమూశారు.

గనులు రాత్రింబవళ్లు నడవడం పథకానికి కలిసివచ్చిన అదృష్టం, ఎందుకంటే వాడకం ఎల్లవేళలా ఒకే స్థాయిలో ఉంటే యంత్రాలు ఖాళీగా నిలవవు, పెట్టుబడి త్వరగా తిరిగివస్తుంది. బెంగళూరు వీధులకు విద్యుత్ దీపాలు 1905లో గాని రాలేదు. తెలుగు, తమిళ ప్రాంతాల నుంచి వచ్చి గనుల్లో చెమటోడ్చిన కూలీల ఇళ్లకంటే, వారు దిగే సొరంగాలలోని యంత్రాలకే ఆ శక్తి ముందుగా అందిందన్న సంగతిని ఈ పథకాన్ని కీర్తించేవారు సాధారణంగా ప్రస్తావించరు; ప్రస్తావించడం న్యాయం.

కావేరి మాత్రం గనులలాగా ఏడాది పొడవునా ఒకే తీరున ఉండదు. వేసవిలో ప్రవాహం సన్నగిల్లితే ఒప్పుకున్న విద్యుత్తు ఇవ్వలేని పరిస్థితి ఏర్పడేది గనుక, వానకాలపు నీటిని పట్టి ఉంచే జలాశయం అవసరమని 1909లో మైసూరు చీఫ్ ఇంజనీరుగా వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య వాదించారు. ప్రకృతి ఇచ్చే శక్తి అవసరమైన వేళకు అందాలంటే దానిని ఎక్కడో ఒకచోట నిలవ చేయాలన్న సూత్రాన్ని, నేడు సౌర, పవన విద్యుత్తుల విషయంలో బ్యాటరీల గురించి జరుగుతున్న చర్చకు చాలా ముందే, ఆ నది నేర్పింది. ఆ జలాశయంగా 1911లో మొదలైన కృష్ణరాజసాగర నిర్మాణం పాత కన్నంబాడి గ్రామాన్ని ముంచింది; దిగువనున్న మద్రాసు ప్రెసిడెన్సీ అభ్యంతరాలు లేవనెత్తడంతో, నీటి పంపకంపై రెండు ప్రభుత్వాలు 1924లో గాని ఒప్పందానికి రాలేకపోయాయి.